క్రిస్టీ రింగ్: ముప్ఫై దాటాక మొదలైన ఆట



1979 మార్చి మొదటి వారం. ఐర్లండ్ దక్షిణాన కార్క్ నగరంలో వీధులు జనంతో కిక్కిరిసిపోయాయి. ఆయిల్ కంపెనీ లారీ నడిపి బతికిన ఒక మనిషి అంతిమయాత్ర అది. శవపేటిక అతను పుట్టిన క్లాయిన్ అనే చిన్న ఊరికి చేరింది. సమాధి దగ్గర నిలబడి మాట్లాడిన వ్యక్తి ఆ దేశ ప్రధానమంత్రి జాక్ లించ్. పదవిలో ఉన్నాడు కాబట్టి మర్యాదకు వచ్చిన మనిషి కాదు. పాతికేళ్ళ వయసులో ఇద్దరూ ఒకే క్లబ్బుకి, ఒకే జట్టుకి ఆడారు. ఈ ఆట ఉన్నంతకాలం ఇతని కథ చెప్పుకుంటారని ఆ రోజు ప్రధానమంత్రి అన్నాడు.

ఆ లారీ డ్రైవరు పేరు క్రిస్టీ రింగ్. ఆ ఆట పేరు హర్లింగ్. ఈ రోజు నా ప్రసంగం ఆ మనిషి ఆటజీవితం గురించి.

ముందు ఆట సంగతి చెప్పాలి. మన ఊళ్ళలో పిల్లలు కర్రాబిళ్ళ ఆడతారు కదా, బిళ్ళను కర్రతో పైకి లేపి, అది గాలిలో ఉండగానే బలంగా కొడతారు. ఆ లేపడం, ఆ కొట్టడం, రెండూ హర్లింగ్‌లో ఉన్నాయి. కాకపోతే ఇక్కడ జట్టుకు పదిహేను మంది. మైదానం ఫుట్‌బాల్ మైదానం కంటే బాగా పెద్దది, పొడవు 130 మీటర్ల పైమాటే. చేతిలో యాష్ చెట్టు చెక్కతో చేసిన కర్ర ఉంటుంది. దాన్ని హర్లీ అంటారు. చివర వెడల్పుగా, పల్చగా చెక్కి ఉంటుంది. బంతిని స్లిటర్ అంటారు. లోపల బెండు, పైన తోలు, బరువు సుమారు 110 గ్రాములు. హాకీలో బంతి చాలావరకు నేలమీదే నడుస్తుంది. హర్లింగ్‌లో తలల మీద ఎగురుతుంది. దాని కోసం పది కర్రలు ఒకేసారి లేస్తాయి. బంతిని చేత్తో పట్టుకోవచ్చు గానీ నాలుగడుగులకు మించి అలా మోసుకుపోకూడదు. కర్ర చివర నిలబెట్టుకుంటే మాత్రం ఎంత దూరమైనా పరుగెత్తవచ్చు. వింటే తేలికే, అడ్డం వచ్చేవాళ్ళ చేతుల్లోనూ కర్రలున్నాయని మరచిపోకండి. రింగ్ ఆడిన రోజుల్లో తలకు హెల్మెట్ కూడా లేదు.

గోల్ స్తంభాలు రెండూ ఎత్తుగా ఉంటాయి, మధ్యలో అడ్డకర్ర. బంతి అడ్డకర్ర కిందినుంచి వలలోకి పోతే గోల్, దానికి మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒక్క పాయింటు. స్కోరు చెప్పేటప్పుడు రెండూ విడివిడిగా చెబుతారు. ఐదు గోల్స్, ఐదు పాయింట్లు అన్నారంటే మొత్తం ఇరవై అన్నమాట.

ఇంకో రెండు విషయాలు తెలిస్తే గానీ రింగ్ కథ అర్థం కాదు. ఒకటి, ఈ ఆటలో జీతం లేదు. 1884లో థర్లస్ పట్టణంలో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ ఈ ఆటను నడుపుతుంది. 80 వేల మంది చూసే ఫైనల్ ఆడినవాడు కూడా మర్నాడు పొద్దున్నే పనిలోకి పోవలసిందే. రెండు, ఆటగాళ్ళ వేలం లేదు, కొనుగోలు లేదు. నీది ఏ కౌంటీ అయితే ఆ కౌంటీకే ఆడాలి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. కౌంటీల మధ్య ఏటా జరిగే పోటీ ఆల్ ఐర్లండ్ ఛాంపియన్‌షిప్. దాని ఫైనల్ డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో. అక్కడ గెలిచిన జట్టులో ఒక్కొక్కరికీ ఒక పతకం. ఎంత గొప్పవాడికైనా ఈ ఆటలో దక్కే ఆస్తి అదొక్కటే.

రింగ్ 1920 అక్టోబరు 30న క్లాయిన్ దగ్గర పుట్టాడు. మెకానిక్ పని నేర్చుకున్నాడు, తరవాత లారీ ఎక్కాడు. చాలా ఏళ్ళు షెల్ కంపెనీ ఆయిల్ లారీ నడిపాడు. 1941లో కార్క్ నగరంలో బ్లాక్‌పూల్ పేటకు చెందిన గ్లెన్ రోవర్స్ క్లబ్బులో చేరాడు. చివరిదాకా ఆ క్లబ్బును వదల్లేదు. సిగరెట్ ముట్టలేదు, మందు ముట్టలేదు. లారీలో ఎప్పుడూ ఒక హర్లీ ఉండేదనీ, మధ్యాహ్నం భోజనం వేళ దొరికినా మైదానంలో దిగి ఒంటరిగా బంతి కొట్టేవాడనీ కార్క్‌లో నేటికీ చెప్పుకుంటారు.

అతను కార్క్ సీనియర్ జట్టులోకి వచ్చిన సమయం మంచిది. మొదటి పతకం వచ్చిన తీరు మాత్రం విచిత్రం. 1941లో ఐర్లండ్‌లో పశువులకు గాలికుంటు వ్యాధి వచ్చింది. రోగం పాకుతుందని కొన్ని కౌంటీల మధ్య రాకపోకలు ఆపేశారు, మ్యాచ్‌లు ఆగిపోయాయి. కౌంటీ జట్లు ముందు తమ ప్రాంతంలో గెలవాల్సి ఉండేది; కార్క్ ఉన్న మన్‌స్టర్ ప్రాంతపు పోటీ ఆ ఏడు సమయానికి పూర్తికాలేదు. దాంతో కార్క్‌ను నేరుగా ముందుకు పంపారు. కార్క్ డబ్లిన్‌ను చిత్తుగా ఓడించి ఐర్లండ్ మొత్తానికి ఛాంపియన్ అయింది. ఆ తరవాత, ఆగిపోయిన మన్‌స్టర్ ఫైనల్ అక్టోబరులో ఆడితే టిప్పరేరీ చేతిలో ఓడిపోయింది! దేశానికి విజేత, సొంత ప్రాంతంలో ఓడిన జట్టు. అంత చిక్కు మీద రింగ్ తొలి పతకం వచ్చింది.

ఆ తరవాత 42, 43, 44. వరసగా నాలుగేళ్ళు కార్క్‌దే. అంతకు ముందు ఏ జట్టూ నాలుగు వరసగా గెలవలేదు. ఆ నాలుగులో 1944 గురించి తప్పకుండా చెప్పాలి. ప్రపంచ యుద్ధం రోజులు. ఐర్లండ్ యుద్ధంలో లేదు గానీ పెట్రోలు లేదు, రైళ్ళకు బొగ్గు లేదు. కార్క్, లిమరిక్ జట్ల మధ్య మన్‌స్టర్ ఫైనల్ థర్లస్‌లో. జనం సైకిళ్ళెక్కారు. మైళ్ళకు మైళ్ళు తొక్కుకుంటూ వచ్చి మ్యాచ్ చూసి, మళ్ళీ తొక్కుకుంటూ వెళ్ళారు. అందుకే దానికి సైకిల్ ఫైనల్ అని పేరు నిలిచిపోయింది. స్కోరు సమానమైంది. మళ్ళీ ఆడించారు.

రెండో మ్యాచ్ చివరి నిమిషాలు. లిమరిక్ వీరుడు మిక్ మాకీ బంతితో దూసుకొచ్చాడు. మధ్యలో అతన్ని ఎవరో అడ్డగించారు, రిఫరీ ఈల వేశాడు. ఈల మోగాక మాకీ బంతిని వలలోకి పంపాడు గానీ ఆ గోల్ చెల్లలేదు. లిమరిక్‌కు ఫ్రీ హిట్ ఇచ్చారు, అది గురి తప్పింది. ఆ వెంటనే బంతి రింగ్ కర్రకు చిక్కింది. దాన్ని మోసుకుంటూ పరుగెత్తి, చాలా దూరంనుంచి కొట్టాడు. వలలో పడింది. స్కోరు నాలుగు గోల్స్ ఆరు పాయింట్లకు మూడు గోల్స్ ఆరు పాయింట్లు. ఒక్క గోల్ తేడా, అది రింగ్ గోల్.

1946 ఫైనల్‌కు కెప్టెన్ అతనే. వయసు పాతికేళ్ళు. ప్రత్యర్థి కిల్కెనీ. మొదటి సగం ముగియబోతుండగా మైదానం మధ్య ప్రాంతంలో బంతి అందుకున్నాడు. కర్ర మీద బంతి నిలబెట్టుకుని కిల్కెనీ వాళ్ళను ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయి గోల్ కొట్టాడు. కార్క్ ఏడు గోల్స్ వేసి గెలిచింది. ఆరేళ్ళలో అయిదో పతకం.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ అయిదు పతకాలూ అతనొక్కడివే కావు. జాక్ లించ్‌కూ ఆ అయిదూ ఉన్నాయి. మధ్యలో 1945లో ఆ దేశపు మరో ఆట గేలిక్ ఫుట్‌బాల్‌లో పతకం కూడా తెచ్చుకుని వరసగా ఆరేళ్ళు ఆరు పతకాలు అందుకున్నాడు. అంటే 1946 నాటికి లెక్కల్లో రింగ్ కంటే లించే ఒక మెట్టు పైన ఉన్నాడు. ఆ రోజు రింగ్ ఆట మానేసి ఉంటే, గొప్ప జట్టులో ఒక గొప్ప ఆటగాడు అని ఒక వాక్యంలో చెప్పి ఊరుకునేవాళ్ళు. తరవాతి అయిదేళ్ళూ కార్క్‌కు పతకమే లేదు. 1947 ఫైనల్ కిల్కెనీ చేతిలో ఒక్క పాయింటు తేడాతో పోయింది. 49, 50, 51 మూడేళ్ళూ టిప్పరేరీవి. లించ్ రాజకీయాల్లోకి వెళ్ళిపోయాడు. పాత జట్టు కరిగిపోయింది. రింగ్‌కు ముప్ఫై దాటాయి.

నన్నడిగితే రింగ్ అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

1952లో కార్క్ మళ్ళీ గెలిచింది. 53లో గెలిచింది, 54లో గెలిచింది. చివరి రెండింటికీ కెప్టెన్ రింగే. మూడు సార్లు కెప్టెన్‌గా ఆల్ ఐర్లండ్ కప్పు అందుకున్న మొదటి మనిషి. ఎనిమిది పతకాలు గెలిచిన మొదటి మనిషి. వయసుతోపాటు చోటూ మార్చుకున్నాడు. కుర్రతనంలో మైదానంలో సగం దూరం పరుగెత్తే ఆట. ఇప్పుడు గోల్‌కు దగ్గరగా, మూల చోటుకు వచ్చాడు. అక్కడ పరుగుకంటే కనిపెట్టడం ముఖ్యం. బంతి ఎటు రాబోతోందో ఎదుటివాడికి తెలిసేలోపు తెలియాలి, దొరికిన అర క్షణంలో కొట్టాలి. పొట్టి కాదు, పొడుగూ కాదు. విశాలమైన భుజాలు, బలమైన మణికట్లు. ఆ రోజుల ఫొటోల్లో నెత్తిన గుడ్డ టోపీతో కనిపిస్తాడు.

అన్నీ పూలదండలే అనుకోకండి. 1953 ఫైనల్లో గాల్వే ఆటగాడు ఒకడు ముఖాన గాయపడ్డాడు. అది రింగ్ చేసిన పనే అని గాల్వే వాళ్ళు నమ్మారు. ఆ గొడవ మైదానంతో ఆగలేదు, మ్యాచ్ తరవాత కూడా రింగ్ మీదికి చేయి చేసుకునేదాకా వెళ్ళింది. గెలవాలన్న పట్టుదల అతనిలో ఎంత ఉండేదో, ఎదుటివాళ్ళకు అతని మీద కోపం కూడా అంతే ఉండేది. సాధువు బొమ్మ గీస్తే అతనికీ న్యాయం కాదు, అతన్ని ఎదుర్కొన్నవాళ్ళకూ కాదు.

1954 ఫైనల్ వెక్స్‌ఫర్డ్‌తో. వచ్చిన జనం 84,856. హర్లింగ్ మ్యాచ్‌కు అంతమంది అంతకుముందు రాలేదు, ఆ తరవాతా రాలేదు. వెక్స్‌ఫర్డ్ రక్షణకు నడుమ నిలిచిన నిక్ ఓడొనెల్ రింగ్ దాడిని ఆపబోయి కాలర్ ఎముక విరగ్గొట్టుకుని బయటికి పోయాడు. కార్క్ మూడు పాయింట్ల తేడాతో గెలిచింది. ఈ ఓడొనెల్ పేరు గుర్తుంచుకోండి.

1956. రింగ్‌కు 35 ఏళ్ళు. మన్‌స్టర్ ఫైనల్లో ఎదురుగా లిమరిక్ కుర్రాళ్ళు. వాళ్ళకు శిక్షణ ఇచ్చింది మిక్ మాకీ. పన్నెండేళ్ళ కిందటి ఆ మాకీయే. చాలాసేపు రింగ్‌ను కదలనివ్వలేదు. ఇక ఈయన పనైపోయిందనుకున్నారు. ఆఖరి పది నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టాడు. కార్క్ ఆరు పాయింట్లతో గెలిచి ఫైనల్ చేరింది.

ఆ ఏడు కార్క్‌లో పోలియో సోకడంతో ఫైనల్‌ను సెప్టెంబరు 23కు వాయిదా వేశారు. మళ్ళీ వెక్స్‌ఫర్డే. రింగ్‌కు తొమ్మిదో పతకం ఇక చేతికి అందేంత దూరంలో ఉంది. మ్యాచ్ చివర్లో వెక్స్‌ఫర్డ్ రెండు పాయింట్లు ముందుంది. ఒక్క గోల్ పడితే కార్క్ గెలుస్తుంది. బంతి రింగ్‌కు చిక్కింది. రక్షణను చీల్చుకుని గోల్ మీదికి వెళ్ళి కొట్టాడు. గోల్‌కీపర్ ఆర్ట్ ఫోలీ, చిన్న మనిషి. ఆపేశాడు! బంతి అటు తిరిగింది. కాసేపట్లో అవతలి వైపు వెక్స్‌ఫర్డ్ ఆటగాడు నికీ రాకర్డ్ గోల్ కొట్టాడు. అంతే, కథ ముగిసింది. ఆపిన ఫోలీ దగ్గరికి వెళ్ళి రింగ్ చేయి కలిపాడు.

ఆఖరి ఈల మోగాక జరిగింది వినండి. వెక్స్‌ఫర్డ్ ఆటగాళ్ళు ఇద్దరు, బాబీ రాకర్డ్, నిక్ ఓడొనెల్, తమ గెలుపు సంబరం పక్కన పెట్టి రింగ్ దగ్గరికి వచ్చారు. ఓడిపోయిన మనిషిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. మైదానం బయటికి మోసుకొచ్చారు. రెండేళ్ళ కిందట అతన్ని ఆపబోయి ఎముక విరగ్గొట్టుకున్న ఓడొనెల్ అందులో ఒకడు. అంత అరుదైన గౌరవం అతనికి ఓడిన రోజున, గెలిచినవాళ్ళ చేతుల మీదుగా దక్కింది.

ఇదంతా చెబుతుంటే ఒక మాట గుర్తుకు రాకమానదు. ఆ రోజుల్లో రింగ్ ఆటను కళ్ళారా చూసినవాళ్ళకంటే చెవులారా విన్నవాళ్ళే ఎక్కువ. ఐర్లండ్‌లో టెలివిజన్ మొదలైంది 1961 చివరి రోజున. ఆల్ ఐర్లండ్ హర్లింగ్ ఫైనల్ టీవీలో ప్రత్యక్షంగా రావడం 1962లో. రింగ్ ఆడిన ఆల్ ఐర్లండ్ ఫైనల్స్ అన్నీ అప్పటికే అయిపోయాయి. సినిమా రీళ్ళలో మిగిలిన కొన్ని దృశ్యాలు తప్ప వాటికి బొమ్మ లేదు. ఉన్నదల్లా రేడియో. డబ్లిన్ రేడియో 1926లోనే ఒక హర్లింగ్ సెమీఫైనల్‌ను మైదానంనుంచి నేరుగా వినిపించింది. 1938 నుంచి వ్యాఖ్యాత మైకేల్ ఓహేర్ గొంతు వచ్చింది. వేసవి ఆదివారాలు మధ్యాహ్నం రేడియో ఉన్న ఇంటి కిటికీ తెరిచి పెట్టేవారు, పక్కింటివాళ్ళు చుట్టూ చేరేవారు. ఓహేర్ వేగంగా చెబుతుంటే బంతి ఎక్కడుందో వింటున్నవాళ్ళకు తెలిసిపోయేది. అందుకే రింగ్ గోల్స్ కథలకు కొలత లేదు. చెప్పేవాడిని బట్టి 1946 పరుగు పొడవు మారుతుంది. ఫోలీ ఆపిన బంతి ఏటేటా ఇంకాస్త పైకి లేస్తుంది. ఇది అబద్ధమనుకోకండి, ఆట గొప్పదైతే విన్నవాళ్ళు దానికి తమ వంతు కలుపుతారు.

ఒక ఫొటో మాత్రం ఐర్లండ్‌లో చాలా ప్రసిద్ధం. 1957లో ఒక మన్‌స్టర్ మ్యాచ్. గాయపడ్డ చేతితో రింగ్ మైదానం బయటికి నడుస్తున్నాడు. ఆ మ్యాచ్‌లో గోల్ దగ్గర అంపైర్‌గా నిలబడింది మిక్ మాకీ, ఒంటిమీద తెల్లకోటు. ఇద్దరూ ఒకరినొకరు దాటుతూ ఏదో మాట అనుకుంటున్నారు. మొహాల్లో నవ్వు. ఏమన్నాడు? ఏమని జవాబిచ్చాడు? ఈ ఆటలో గొప్పవాడు మాకీయా, రింగా అన్న తగువు లిమరిక్, కార్క్ పబ్బుల్లో ఎప్పటికీ తెగదు. ఆ మాట ఏమిటన్న తగువు కూడా అంతే. వెయ్యి జవాబులున్నాయి, ఖాయమైంది ఒక్కటీ లేదు.

తొమ్మిదో పతకం రాలేదు. ఆట మాత్రం ఆపలేదు. మార్చి 17, సెయింట్ ప్యాట్రిక్ పండుగ రోజున క్రోక్ పార్క్‌లో రైల్వే కప్ ఫైనల్ జరిగేది. అది నాలుగు ప్రాంతాల మధ్య పోటీ. 1959లో మన్‌స్టర్ తరఫున కానక్ట్ మీద రింగ్ ఒక్కడే నాలుగు గోల్స్, ఐదు పాయింట్లు కొట్టాడు. అప్పటికి 38 ఏళ్ళు. ఆ ఏడు దేశంలో మేటి హర్లర్‌గా అతన్నే ఎంపిక చేశారు. 1942లో మొదలుపెట్టి 1963 దాకా రైల్వే కప్ పతకాలు పద్దెనిమిది. ఎవరూ దాని దరిదాపులకు రాలేదు. రింగ్ తరవాత ఆ పోటీకి జనమే తగ్గిపోయారు. 1964లో లూయీ మార్కస్ అతని మీద సినిమా తీశాడు. అందులో రింగ్ తన మెళకువలు తానే చేసి చూపిస్తాడు. క్లబ్బుకు 1967 దాకా ఆడాడు. కార్క్ జట్టునుంచి రిటైరవుతున్నానని మాత్రం ఎప్పుడూ ప్రకటించలేదు.

1976, 77, 78లో కార్క్ మళ్ళీ వరసగా మూడేళ్ళు గెలిచింది. ఆ జట్టును ఎంచిన సెలెక్టర్లలో రింగ్ ఒకడు. మరుసటి ఏడాది మార్చి 2న కార్క్ నగరంలో నడుస్తూ నడుస్తూ కూలిపోయాడు. గుండెపోటు. వయసు 58. ఇప్పుడు లీ నది మీద ఒక వంతెనకు అతని పేరుంది. కార్క్‌లో పార్క్ ఈ రిన్ అనే మైదానానికి అతని పేరే. విశేషమేమంటే అది ఒకప్పటి సాకర్ మైదానం. 1971 వరకు సాకర్, క్రికెట్ వంటి ఆటలు ఆడకూడదని తన సభ్యులకు నిషేధం పెట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషనే ఆ మైదానాన్ని కొని రింగ్ పేరు పెట్టుకుంది.

ఎనిమిది పతకాల రికార్డును టిప్పరేరీ జాన్ డాయల్ 1965లో అందుకున్నాడు. 2012లో కిల్కెనీ హెన్రీ షెఫ్లిన్ తొమ్మిదోది తెచ్చుకుని దాటేశాడు. 2014లో పదోది కూడా తెచ్చుకున్నాడు. లెక్కలు అంతే, ఎప్పుడో ఒకప్పుడు ఎవడో ఒకడు దాటుతాడు. డబ్లిన్‌లో, కార్క్‌లో ఉద్యోగాలకో చదువులకో వెళ్ళిన మన పిల్లలు ఎవరైనా అక్కడి ముసలివాళ్ళను రింగ్ గురించి అడిగి చూడండి. వాళ్ళు పతకాల సంఖ్యతో మొదలుపెట్టరు. 44 గోల్ అంటారు, 56 ఫైనల్ అంటారు, ఫొటో అంటారు.

నాకు తోచింది ఇది. మొదటి అయిదు పతకాలు వయసు ఇచ్చింది, జట్టు ఇచ్చింది. పక్కన ఆడినవాళ్ళంతా తప్పుకున్నాక, రూపాయి రాని ఆట కోసం, పగలు లారీ నడుపుకుంటూ, తన ఆటను తనే విప్పదీసి కొత్తగా కట్టుకోవడం అతని సొంత పని. ముప్ఫై దాటాక గెలిచిన మూడు పతకాలూ, గెలవని తొమ్మిదోదీ ఆ పని ఫలితాలే. ఒక ఆటగాణ్ణి తూచాలంటే అతని మంచిరోజులు ఎలా మొదలయ్యాయో చూడటం చాలదు. అవి అయిపోయాయని అందరూ అనుకున్న తరవాత అతనేం చేశాడో చూడాలి. ఆ తూకంలో క్రిస్టీ రింగ్ సరసన నిలిచేవాళ్ళు ఏ ఆటలోనైనా చాలా కొద్దిమంది.